గుమ్మం పక్క పీట

మా ఉద్దానంలో మనిషి ఎదురైతే ముందు క్షేమం అడగరు, క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది. ఒకటి లోపుంటే అదృష్టవంతుడు. రెండు దాటితే పాపం. ఐదు దాటాక చుట్టాలు పళ్లు పట్టుకుని రావడం మొదలుపెడతారు. సరిగ్గా ఆ పళ్లే తినకూడదని డాక్టరు చెప్పి ఉంటాడు.

నాది సున్నా పాయింట్ తొమ్మిది. ఆ కాగితాన్ని మా అమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డు పక్కన దాచింది. నా పదో తరగతి మార్కుల జాబితా ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ సున్నా పాయింట్ తొమ్మిది మీద నాకున్నంత కోపం ఇంకే అంకె మీదా లేదు.

నాకిప్పుడు ఇరవై ఏడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా షుగరు వచ్చింది. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది. మా ఊళ్లో కిడ్నీ జబ్బు దొర అయితే షుగరు ఆ దొర చెప్పులు మోసేది. దాన్నెవరూ లెక్కపెట్టరు. "సుగరేనా? నాను ఇంకా ఏటో అనుకున్నాను" అని ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. పదేళ్లుగా పొట్టలో సూదులు గుచ్చుకుంటున్నదాన్ని నేనైతే, ఊపిరి పీల్చుకునేది వాళ్లు.

రెండేళ్ల కిందట రెండో జబ్బు మొదలైంది. అది మొదలైన చోటు పలాసలో నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ గ్రేడింగు గది. నలభై మంది ఆడవాళ్లం నేల మీద వరసల్లో చిన్న చిన్న పీటలేసుకుని కూర్చుంటాం. తలకి టోపీ, ముందు ట్రే. నిండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. ఆ రోజు నా ఎదురుగా కూర్చునే ఆమె, టీవీ సీరియల్లో హీరోయిన్‌ని లారీ గుద్దేసిందని నిజంగా కన్నీళ్లు పెట్టుకుంటోంది. నేనన్నాను: "ఏడవకప్పా. వచ్చే వారం కోమాలోంచి లేత్తాది. ఆ లారీ డ్రైవరు దాని అన్నే అని తెలుత్తాది. ఆ పై వారం లారీకి పెళ్లి."

గది గదంతా నవ్వింది. అందరికంటే ఆఖర్న, అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వుతుండగానే కింద వెచ్చగా అనిపించింది. ముందుగా ఏ కబురూ లేదు. అంతకు ముందు నిమిషం దాకా ఒంటికి వెళ్లాలన్న ఊసే లేదు.

ఆ రోజు అందరూ వెళ్లిపోయే దాకా పీట దిగలేదు. ఆ రోజు నుంచి జోకు చెప్పి నవ్వడం మానేశాను. "ఈ గుంట మొకం ఇసుమంతైనా కదలకుండా సెప్తాదే!" అని మావాళ్లు మురిసిపోతారు. అదొక విద్య అనుకుంటారు. విద్యా లేదు, పాడూ లేదు. నవ్వితే బట్ట తడుస్తుంది.

తర్వాత నవ్వక్కర్లేకుండానే తడవడం మొదలైంది. దగ్గినా, ట్రే ఎత్తినా, మా ఊరి నుంచి పలాస వచ్చే ఆటో గుంతలో పడినా. అమ్మ పాత నేత చీర చింపి నాలుగు మడతలు వేసి, మళ్లీ రెండు మడతలు వేసి పెట్టుకునేదాన్ని. ముదురు రంగు బట్టలే కట్టేదాన్ని. ఆటోలో అంచున కూర్చునేదాన్ని. ఇవన్నీ చాలక ఇంకో గొప్ప ఉపాయం కనిపెట్టాను. నీళ్లు తాగడం మానేశాను. లోపలికి పోకపోతే బయటికి రాదు కదా. ఇంటర్లో సైన్సు చదివిన బుర్ర ఇది.

పొద్దున రెండు గుక్కలు, సాయంత్రం ఇంటికొచ్చాక రెండు గుక్కలు. వేసవి, షుగరు, పైన రేకుల కప్పు. ఒక సాయంత్రం ఆటో స్టాండులో నాలుక అంగిలికి అతుక్కుపోయి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి ఇంట్లో ఉన్నాను. అమ్మ గుండెలు బాదుకుంటోంది. "అయిపోనాదే! కిడ్నీ పోనాదే! నా గుంట కిడ్నీ పోనాదే!" వీధి మొత్తం మా గుమ్మంలో ఉంది. ఒకాయన అప్పటికే ఎవరో కిడ్నీ దాత వివరం చెబుతున్నాడు.

"ముందు నీళ్లియ్యండి, కిడ్నీ తర్వాత సూద్దాం" అన్నాను.

మర్నాడు టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం తీశారు. కాగితం వచ్చింది. సున్నా పాయింట్ తొమ్మిది. అమ్మ ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చింది, ఆనందంతో. ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "సున్నా తొమ్మిదంట! మా గుంటకి ఏటీ కాలేదు!" ఇంటికెళ్లగానే అమ్మవారికి కొబ్బరికాయ కొడతానని అక్కడే మొక్కేసింది.

నా షుగరు నాలుగు వందలు దాటిందని అదే కాగితంలో కింది వరసలో ఉంది. ఆ వరస ఎవరూ చదవలేదు. మావాళ్లు ఆ కాగితంలో ఒక్క వరసే చదవగలరు. చదువు రాక కాదు. భయం వాళ్లకి నేర్పిన వరస అదొక్కటే.

డాక్టరమ్మ నా వయసుదే ఉంటుంది. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని నన్నడిగితే అమ్మ జవాబు చెప్పింది, గర్వంగా. "ఏటీ లేదమ్మా. ఒంటికి సుబ్బరంగా ఎల్తాది. రోజుకి పదిసార్లు ఎల్తాది. ఆపినా ఆగదు."

పక్కింట్లో రోజుకి గ్లాసుడు మూత్రం రాక కాళ్లు వాచి పడుకున్నవాడు ఉంటే, కూతురికి ఆపినా ఆగకపోవడం తల్లికి వరంలానే కనిపిస్తుంది. అది అర్థమైంది. అర్థమైనా అక్కడున్న బల్ల తిరగేయాలనిపించింది.

డాక్టరమ్మ ఆ మాట పట్టుకుంది. అమ్మకి మందుల చీటీ ఇచ్చి బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి అడిగింది. రెండేళ్లలో మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆవిడ జాలి పడలేదు, అయ్యో అనలేదు. దణ్ణం పెట్టాలనిపించింది. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువుంటే మూత్రాశయం నరాలు మొద్దుబారతాయట. సంచి నిండినా పైకి కబురు రాదు. పొంగాకే తెలుస్తుంది. సూది మోతాదు మార్చింది. నీళ్లు మానేయడం ఎంత తెలివితక్కువ పనో రెండు ముక్కల్లో చెప్పింది. "అనిపించినప్పుడు కాదు, గడియారం చూసి వెళ్లు. రెండు గంటలకోసారి. వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చో. పూర్తిగా అయ్యే దాకా తొందరపడకు."

అంతే. మందంటే గడియారం. ఇంత చిన్నదానికా నేను రెండేళ్లు ఎండిపోయాను అనుకుంటూ ఇంటికొచ్చాను. గడియారం గోడ మీద ఉంటుంది, దాన్ని చూసి లేచి వెళ్లడానికి మాత్రం దారి కావాలి. ఆ సంగతి మర్నాడు ఫ్యాక్టరీలో తెలిసింది.

నా పీట గదిలో చిట్టచివరి మూల. గుమ్మానికి చేరాలంటే వరసలన్నీ దాటాలి. ఒక్కొక్కరూ ట్రే ఎత్తి మోకాళ్లు ముడవాలి. గది దాటితే టోపీ తీయాలి, తిరిగొస్తే కాళ్లు చేతులు కడుక్కుని మళ్లీ పెట్టుకోవాలి. రాణీగారికి కూడా ఇంతమంది తప్పుకుని దారి ఇవ్వరు. కాకపోతే రాణీగారిని "మళ్లీనా?" అని అడగరు.

నాలుగో రోజు సూపర్‌వైజర్ వచ్చి నా ట్రే ముందు నిలబడ్డాడు.

"నీ కాళ్లకి సెక్రాలున్నాయేటి? రోజుకి ఎన్నిసార్లు?"

"లెక్క పెడతన్నది మీరే కద సార్. మీరే సెప్పాలి."

"ఎటకారాలొద్దు. ఇంకోసారి ఇలగే లేస్తే కటింగు షెడ్డుకి పంపేత్తాను. అక్కడ నిలబడే పని. లేవాల్సిన బాధే ఉండదు."

జోకు బాగుంది. నేను వేసి ఉంటే గది నవ్వేది. కానీ కటింగు షెడ్డంటే జీడిపిక్కల పెంకు కొట్టే చోటు. పెంకులోని జీడి నూనె చేతులకి అంటి చర్మం ఊడిపోతుంది. మామూలు వాళ్లకి వారంలో మానుతుంది. నాకు కత్తిపీట చిన్నగా గీసుకుంటేనే నెల దాటింది మానడానికి. ఆ షెడ్డుకి వెళ్తే నా చేతులు పోతాయి. గ్రేడింగు తప్ప వేరే పని రాని చేతులవి. అంటే నా ముందున్నవి రెండే దారులు. లేచి చేతులు పోగొట్టుకోవడం, లేవకుండా తడిసి కూర్చోవడం.

మూడోది కూడా ఉంది. గుమ్మం పక్క పీట.

గుమ్మం పక్కన కూర్చున్నవాళ్లు ఎప్పుడు లేచారో, ఎప్పుడొచ్చారో ఎవరికీ తెలియదు. ఎవరూ ట్రే ఎత్తక్కర్లేదు. కానీ మా గదిలో పీటలు ఊరికే మారవు. పని మానేసే మనిషి తన పీట ఎవరికి ఇస్తుందో వాళ్లదే. కోడలికి, చెల్లెలికి, మరీ నచ్చితే పక్కామెకి. సూపర్‌వైజర్లు మారారు గానీ ఈ పద్ధతి మారలేదు. గుమ్మం పక్క పీట మీద మేమంతా పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ ఉంది. నోరున్న మనిషి. భర్త కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. అందుకని ఆవిడ మాటకి గదిలో ఎదురు లేదు. గాలి కోసం ఆ పీట ఉంచుకుందని అందరికీ తెలుసు. ఆవిడకి ముందు కూర్చున్న ముసలామె కూడా గాలి కోసమే కూర్చునేదట.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వెళ్లి అడిగాను.

"పెద్దమ్మా, నీ పీట నాకిత్తావేటి? నా మూల గాలాడ్డం లేదు. సుగరు కదా, కళ్లు తిరుగుతన్నాయి."

ఆవిడ చారన్నం ముద్ద మింగి నవ్వింది. "సుగరా? ఎవులికి లేదే సుగరు? మా వీధిలో మేకలకి కూడా ఉన్నాది."

గది నవ్వింది. నేను నవ్వలేదు, కారణం పైన చెప్పాను.

"మా ముసిలోడికి సూడు," అందావిడ, ఇప్పుడు నవ్వకుండా. "రోజుకి గిద్దెడు రాదు. నీళ్లు తాగనివ్వరు. ఐసు ముక్క నోట్లో ఎట్టుకుని, అరుగు మీద కూకుని సముద్రమొంక సూత్తాడు. నువ్వు సెంబులకి సెంబులు తాగుతావు, సెంబులకి సెంబులు పోత్తావు. నీకేటి కట్టమే? అదురుట్టం నీది. ఎల్లి నీ మూల కూకో."

"నిజమే కదా" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఒకడికి కన్ను లేదని ఇంకొకడి కాలి ముల్లు తీయకూడదా? పక్కింటివాడి కాలు వాపు చూపించి నా తడిబట్ట అదృష్టం అంటే, ఆ అదృష్టాన్ని ఎక్కడ పిండి ఆరేసుకోవాలి? ఇదంతా మనసులోనే. పైకి, "సరే పెద్దమ్మా, మేకలకి నా నమస్కారం సెప్పు" అని వచ్చేశాను.

ఆ వారమంతా సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు చూసి లేచి వెళ్లొచ్చాను. వారం తర్వాత సరుకు కొనే పార్టీ వచ్చింది. పార్టీ వచ్చే రోజు మా గదికి పండగ, అంటే ఎవరికీ కదలడానికి వీల్లేదు. కొత్త టోపీలు ఇస్తారు. నీళ్ల డ్రమ్ము గది బయట పెట్టేస్తారు. వచ్చినవాళ్లు వెళ్లే దాకా లేవొద్దని ముందే చెబుతారు. తొమ్మిదికి ఒకసారి వెళ్లొచ్చి కూర్చున్నాను. పదకొండుకి మళ్లీ వెళ్లాలి. పదీ యాభైకి ఇద్దరు మనుషులు నీలం టోపీలు పెట్టుకుని లోపలికి వచ్చారు. పప్పు చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూస్తున్నారు, వజ్రాలు చూసినట్టు.

పదకొండయింది. ఏమీ అనిపించలేదు. ఎప్పుడూ అనిపించదు, అదే కదా జబ్బు. పదకొండూ ఐదు. ఎదురుగా ఉన్నామె తుమ్మింది. ఇప్పుడు నాకు తుమ్మొస్తే? తడిసి కూర్చోవడం నాకు అలవాటే. కానీ గోడ మీద గడియారం కనిపిస్తూ ఉండగా, వెళ్లాలని తెలిసి, కాళ్లు ఉండి, కావాలని తడిసి కూర్చోవడం అలవాటు లేదు. గుడ్డ ఉన్న చేతి సంచీ తీసుకుని లేచాను. ట్రేలు లేవడం మొదలుపెట్టాయి.

సూపర్‌వైజర్ పళ్లు బిగించి నవ్వుతూనే వచ్చాడు. "ఎక్కడికి?"

"ఒంటికి సార్."

"ఇప్పుడా? పార్టీ ఉన్నాదని తెల్దా? అరగంట ఆగలేవా?"

"నేను ఆగుతాను సార్. అది ఆగదు."

నీలం టోపీల్లో ఒకాయన ఏమిటని హిందీలో అడిగాడు. "పానీ, పానీ" అన్నాడు మావాడు. పూర్తిగా అబద్ధమని కూడా చెప్పలేం. నేను గుమ్మం దాటాను. దాటుతూ చూశాను, పెద్దమ్మ పీట ఖాళీగా ఉంది.

మా మరుగుదొడ్డి బాయిలర్ షెడ్డు వెనక, కొబ్బరి చెట్ల కింద ఉంటుంది. రేకు తలుపు. గొళ్లెం లేదు. లోపల కొబ్బరి తాడు ఒకటి కట్టి ఉంటుంది. కూర్చున్నంతసేపూ దాన్ని ఒక చేత్తో పట్టుకుని లాగుతూ ఉండాలి. తలుపు మూసే ఉంది గానీ ముట్టుకుంటే వదులుగా కదిలింది. ఎవరూ లేరనుకుని లాగాను.

"మూయే తలుపు! కళ్లు పోనాయేటి?"

పెద్దమ్మ. తాడు పట్టుకోవడానికి ఆవిడకి చేతులు ఖాళీ లేవు. రెండు చేతులతో ఒక గుడ్డ పిండుతోంది. పాత నేత చీర ముక్క. నాలుగు మడతలు వేసి, మళ్లీ రెండు మడతలు వేసింది. ఆ మడత నాకు తెలుసు. లోకంలో ఇంకెందుకూ గుడ్డ అలా మడత పెట్టరు.

తలుపు మూయలేదు. లోపలికెళ్లి వెనక మూసి, తాడు నేను పట్టుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి పెద్దమ్మా?"

ఆవిడ తిట్టబోయి నా మొహం చూసి ఆగింది. తర్వాత నా చేతి సంచీ వంక చూసింది. అందులోంచి నా గుడ్డ అంచు కనిపిస్తోంది.

"ఆకరోడు పుట్టినకాడి నుంచి," అంది. "ఆడికిప్పుడు ఇద్దరు పిల్లలు."

"మరి గాలి కోసమన్నావు?"

"ఆ గుమ్మంలో గాలెక్కడున్నాదే? బాయిలరు పొగ తప్పితే ఏటీ రాదు. నాకు ముందు కూకున్న ముసల్ది కూడా గాలనే సెప్పింది. పని మానేసిన నాడు నా సెవులో అసలు సంగతి సెప్పి పీట ఇచ్చింది. నా సంగతి అదెప్పుడో కనిపెట్టేసినాది."

"నాకెందుకు సెప్పలేదు?" గొంతు పెరిగింది. "అందరి ముందు మేకలన్నావు. అదురుట్టమన్నావు."

"నువ్వు సెప్పినావేటి? నువ్వూ గాలే అన్నావు."

ఒక గాలి అబద్ధం ఇంకో గాలి అబద్ధాన్ని వెళ్లి పీట అడిగింది. అది ఇవ్వనంది.

"ముసిలాయనకి తెలుసా?" అన్నాను.

ఆవిడ గుడ్డ మళ్లీ పిండింది. అప్పటికి అందులో నీళ్లు లేవు. "ఆడికి రాక సత్తన్నాడు. నాకు ఆగట్లేదని ఆడికాడ ఏడవమంటావేటి?"

ఒకే గది. ఒకే మంచం. ఒకరికి రాదు, ఒకరికి ఆగదు. ఇరవై ఏళ్లకి పైగా ఆ మాట మాత్రం నోరు దాటలేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆవిడ మీదా, ఆ ముందు ముసలామె మీదా, నా మీదా. గదిలో నలభై మంది ఉంటే, మనుషులకి ఇంత మామూలుగా వచ్చే ఒక బాధ కోసం ఒకే ఒక్క పీట దాచుకుని, దాన్ని బంగారు గొలుసులా చెవిలో చెప్పి చేతులు మార్చుకుంటున్నందుకు.

"పో, కూకో," అంది పెద్దమ్మ బయటికి వెళ్తూ. "తాడు గోడ సందులోంచి బయటికి లాగి నాను పట్టుకుంటాను. నిదానంగా కానీ."

రెండేళ్లలో మొదటిసారి రెండు చేతులూ ఖాళీగా కూర్చున్నాను.

ఇద్దరం తిరిగొచ్చేసరికి పార్టీ వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ గుమ్మంలోనే ఉన్నాడు. నా వంక వేలు చూపించాడు. "రేపట్నుంచి కటింగు షెడ్డు."

"అయితే నన్నూ పంపు బాబూ," అంది పెద్దమ్మ, తన పీట మీద కూలబడుతూ. "దానికున్న రోగమే నాకూ ఉన్నాది."

"ఏటి రోగం?"

"ఉచ్చ ఆగదు. సూపించాలేటి?"

సినిమాలో అయితే ఇక్కడ గదంతా లేచి నిలబడాలి. ఎవరూ లేవలేదు. తుమ్మిన ఆమె మళ్లీ తుమ్మింది. సూపర్‌వైజర్ మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక గడియారం వంక చూసి, ఏదో పనున్నట్టు వెళ్లిపోయాడు. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. న్యాయం జరిగిందని నేను అనుకోవడం లేదు. ఆ మాట మళ్లీ ఎత్తితే పెద్దమ్మ మళ్లీ మాట్లాడుతుందని భయం, అంతే.

మర్నాడు నేను వెళ్లేసరికి పెద్దమ్మ పీట ఒక మూరెడు పక్కకి జరిగి ఉంది. మిగిలిన చోట్లో నా పీట పెట్టి ఉంది. "సూత్తావేటి, కూకో" అంది. అదే మాకు జరిగిన పీట ఒప్పగింత.

వారం తిరిగేసరికి సీరియల్ చూసి ఏడ్చే ఆమె పీట గుమ్మం వైపు జరిగింది. ఆ వెనక ఇంకొకామెది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను కూడా జోకు వేయలేదు. నెలాఖరుకి గుమ్మం దగ్గర ఆరు పీటలు కుక్కుకుని ఉన్నాయి, గది మూలలు ఖాళీ.

ఇంట్లో ఆ కాగితం తీయించి, కింది వరస వేలు పెట్టి అమ్మ చేత చదివించాను. రెండుసార్లు. "ఇదెప్పుడు రాసినారే?" అంది. అప్పుడే రాశారని చెప్పాను. ఇప్పుడు నా షుగరు రెండు వందల అటూ ఇటూ తిరుగుతోంది. తడవడం తగ్గింది, పోలేదు. నీళ్లు తాగుతున్నాను.

గుమ్మం దగ్గర ఆ గుంపు చూసి సూపర్‌వైజర్ తనకి తోచిన అర్థం తీసుకున్నాడు. ఉక్కపోతకి అక్కడ చేరుతున్నారని పై వాళ్లకి చెప్పి, గుమ్మం మీద కొత్త ఫ్యాను పెట్టించాడు. మేం అడిగింది మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం. నేను అడిగాను, పెద్దమ్మ అడిగింది, రెండుసార్లు. వచ్చింది ఫ్యాను. అది వేస్తే జీడిపప్పు పొట్టు ఎగిరి నలభై మంది కళ్లలో పడుతుంది. అందుకని వేయం. అది మా నెత్తి మీద కొత్తగా, శుభ్రంగా, కదలకుండా ఉంది. రేకు తలుపుకి మాత్రం ఇప్పటికీ తాడే.

పెద్దమ్మకి గడియారం చూడటం రాదు, నేర్పాను. చిన్న ముల్లు రెండు అంకెలు దాటగానే గదంతా వినేలా అరుస్తుంది.

"ఒలే, లే! టైమైనాది. తాడెవులు పడతారు, నువ్వా నేనా?"